అన్‌రెయిడ్ సర్వరులో బూట్ పెన్‌డ్రైవ్ పోతుంటే ముందు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: కింద ఫోటో స్టూడియో, పైన ఇల్లు. పాత డెస్క్‌టాప్ డబ్బాలో అన్‌రెయిడ్ (మామూలు కంప్యూటరుని ఫైళ్ళు దాచే సర్వరుగా మార్చే సిస్టమ్, పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది) వేసుకుని నాలుగు డిస్కులు పెట్టుకున్నాడు. మూడు డేటాకి, ఒకటి పారిటీకి, అంటే ఏదైనా డేటా డిస్కు పోతే అందులోది లెక్కగట్టి తిరిగి తెచ్చుకోడానికి. పెళ్ళిళ్ళ ఫోటోలు, వీడియోలు మొత్తం అందులోనే. రెండు రోజులుగా ఏ సెట్టింగు మార్చినా నిలబడట్లేదు, ఫ్లాష్ డ్రైవ్ (అదే ఆ పెన్‌డ్రైవ్) రీడ్ ఓన్లీ అయిందని, పాడయినట్టుందని హెచ్చరిక వస్తోంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సర్దుకుంటుందా, కొత్త పెన్‌డ్రైవ్ ఏది కొనాలి, ఫోటోలు పోతాయా అని మూడు ప్రశ్నలు. చివర్లో డబ్బా నెల్లూరు తీసుకురమ్మంటావా అని ఇంకో మాట.

తమ్ముడూ, మూడోదానికి ముందు చెప్తాను, కాస్త కుదురుగా చదువుతావు. ఫోటోలు పోవు. పెన్‌డ్రైవులో నీ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఇక మొదటిదానికి: వద్దు. ఇంకా నడుస్తోంది కదా, నడవనీ. యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకో, ఆ గదిలో ప్లగ్గు ఎవరూ పీకకుండా చూడు. ఈ పనిలో నష్టపోయినవాళ్ళని చాలామందిని చూశాను. పెన్‌డ్రైవ్ పోయినందుకు నష్టపోయినవాళ్ళు తక్కువ. కంగారులో రీస్టార్ట్ కొట్టి, లేవకపోతే ఇంకేదో నొక్కి, చివరికి మంచి డిస్కుని పారిటీ స్థానంలో పెట్టుకుని నష్టపోయినవాళ్ళే ఎక్కువ.

నడుస్తున్నంతసేపూ ఎందుకు నయమో చెప్తాను. అన్‌రెయిడ్ లేచేటప్పుడు పెన్‌డ్రైవులో ఉన్న సిస్టమ్‌ని ర్యామ్‌లోకి ఎక్కించుకుని అక్కడ నడుస్తుంది. కొన్ని ముక్కలు మాత్రం అవసరమైనప్పుడు పెన్‌డ్రైవ్ నుంచే చదువుతుంది కాబట్టి, అది పూర్తిగా జారిపోతే కొన్ని పేజీలు తెరుచుకోవు, కొన్ని బటన్లు పలకవు. అయినా షేర్లు (నెట్‌వర్కులో కనిపించే ఫోల్డర్లు) పనిచేస్తూనే ఉంటాయి, ఏ డిస్కు ఏ స్థానంలో ఉందో బ్రౌజరులో తెరుచుకునే మెయిన్ పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. నీకిప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ పేజీయే. ఒకసారి ఆఫ్ చేశావా, ఆ వివరం మళ్ళీ పెన్‌డ్రైవ్ నుంచే రావాలి. అది చదవడం మానేస్తే ఇక చెప్పేవాళ్ళు లేరు.

పెన్‌డ్రైవులో ఉండేదల్లా సిస్టమ్ ఫైళ్ళు, కాన్ఫిగ్ అనే ఫోల్డరు. సిస్టమ్ ఫైళ్ళు పోతే మళ్ళీ దింపుకోవచ్చు, దానికి విలువ లేదు. కాన్ఫిగ్ ఫోల్డరులోనే అంతా ఉంది: యూజర్లు, పాస్‌వర్డులు, షేర్ల సెట్టింగులు, నెట్‌వర్కు, నువ్వు వేసుకున్న ప్లగిన్లు, డాకర్ (సర్వరు మీద నడిపే యాప్‌ల) టెంప్లేట్లు, డబ్బు కట్టి కొన్న లైసెన్సు కీ ఫైలు. వీటన్నిటి మధ్యలో సూపర్ డాట్ అనే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. ఏ సీరియల్ నంబరు డిస్కు ఏ స్థానంలో ఉందో అందులో రాసి ఉంటుంది. పెళ్ళి విడిదిలో ఏ గది ఎవరికిచ్చామో రాసుకున్న చీటీ అనుకో. చీటీ పోయినంత మాత్రాన చుట్టాలు పోరు గానీ, వియ్యాలవారి గది తలుపు తీసి కేటరింగ్ సామాను దింపితేనే గొడవ.

కాబట్టి ఇప్పుడే, ఈ జవాబు మొత్తం చదవకముందే లేచి వెళ్ళి, మెయిన్ పేజీ తెరిచి ఫోన్‌తో ఫోటో తీసుకో. నాలుగు డిస్కుల సీరియల్ నంబర్లు, పారిటీ ఏది, డిస్క్ ఒకటి ఏది, రెండు ఏది, మూడు ఏది, అన్నీ స్పష్టంగా పడాలి. క్యాష్ ఎస్ఎస్‌డీ ఉంటే అదీ. తర్వాత ఆ పేజీలోనే కిందికి వస్తే బూట్ డివైస్ అని ఉంటుంది, ఫ్లాష్ మీద నొక్కితే ఫ్లాష్ బ్యాకప్ బటన్ కనిపిస్తుంది. నొక్కు. పెన్‌డ్రైవ్ మొత్తాన్నీ జిప్ చేసి బ్రౌజరులో దింపుతుంది. రీడ్ ఓన్లీ అయినా చదవగలిగితే చాలు, జిప్ వస్తుంది. రాకపోతే నెట్‌వర్కులో ఫ్లాష్ అనే షేరు కనిపిస్తోందేమో చూడు, అందులోంచి కాన్ఫిగ్ ఫోల్డరుని నీ ల్యాప్‌టాప్‌లోకి లాగు. అదీ కుదరకపోతే టెర్మినల్ తెరిచి బూట్ డైరెక్టరీని డేటా డిస్కు మీదున్న ఏదో ఒక షేరులోకి కాపీ చెయ్యి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి తెచ్చుకో. ఒకటి రెండు ఫైళ్ళు చదవలేక ఎర్రరు ఇచ్చినా మిగతావి వస్తాయి. వచ్చిన జిప్ తెరిచి కాన్ఫిగ్ ఫోల్డరులో సూపర్ డాట్ ఉందా, కీ ఫైలు ఉందా అని కళ్ళతో చూసుకో. ఆ జిప్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. అందులో నీ లైసెన్సు ఉంది, పాస్‌వర్డుల హ్యాషులు (మరుగుపరిచిన రూపాలు) ఉన్నాయి.

ఇంకొక్క పని కూడా ఇప్పుడే. లైసెన్సు ఏ మెయిల్‌తో కొన్నారో కనుక్కో. మన దగ్గర ఇది పెద్ద తలనొప్పి. సర్వరు పెట్టించిన కుర్రాడు తన మెయిల్ ఇచ్చేసి ఉంటాడు, అతను ఏ బెంగుళూరో వెళ్ళిపోయి ఉంటాడు, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. కీ మార్చుకోవాలంటే ఆ మెయిల్ చేతిలో ఉండాలి. లేదంటే పనిలో దిగకముందే అతన్ని పట్టుకో. పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో స్టూడియో నిండా జనం ఉండగా వెతుక్కునే పని కాదది.

ఇప్పుడు అసలు విషయం. పెన్‌డ్రైవ్ నిజంగా పోయిందా?

రీడ్ ఓన్లీ అయిందంటే పోయిందని కాదు. పెన్‌డ్రైవ్ మీద ఉండేది ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్. దానిలో ఏదైనా లెక్క తప్పినట్టు కనిపిస్తే లైనక్స్ కెర్నెల్ ఇంకా చెడగొట్టకుండా ఉండటానికి రాయడం ఆపేసి, చదవడానికి మాత్రమే వదులుతుంది. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన ఒక్క రాత వల్ల కూడా అట్టా అవుతుంది. టూల్స్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి చూడు. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీగా పెట్టామన్న లైను ఒక్కటే ఉందా, లేక దానికి ముందు ఐఓ ఎర్రరు (చదవడం, రాయడం కుదరలేదని) అని, యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని వరసగా లైన్లు ఉన్నాయా? మొదటి రకమైతే, బ్యాకప్ చేతికొచ్చాక, ఎర్రే (కలిసి నడిచే నీ డిస్కుల జట్టు) ఆపి, సర్వరు పవర్ డౌన్ చేసి, పెన్‌డ్రైవ్‌ని విండోస్ మెషిన్‌కి పెట్టి చెక్‌డిస్క్ నడిపితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. మరీ మొండికేస్తే అదే పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి, బ్యాకప్ జిప్ మళ్ళీ అందులోకే విప్పుకోవచ్చు. పెన్‌డ్రైవ్ అదే కాబట్టి లైసెన్సు జోలికి వెళ్ళే పనే లేదు.

ఐఓ ఎర్రర్లు, డిస్‌కనెక్టులు ఉన్నా, అట్టాగే బ్యాకప్ తీసి పవర్ డౌన్ చేశాక, ఒక్కసారి పోర్టు మార్చి చూడు. నీలం రంగు యూఎస్‌బీ మూడు పోర్టులో ఉంటే నల్లటి యూఎస్‌బీ రెండు పోర్టులోకి మార్చు. ఒంగోలు, కావలి, నెల్లూరు, మనవన్నీ సముద్రానికి దగ్గర ఊళ్ళు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న కాంటాక్టుల మీద మసక పట్టేస్తుంది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కాస్త గుడ్డకి అద్ది తుడిచి, ఆరాక పెట్టు. దీనితో బతికిన పెన్‌డ్రైవులు నాకు తెలుసు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కీ కొత్త పెన్‌డ్రైవుకి మార్చిన క్షణం పాతది శాశ్వతంగా బ్లాక్‌లిస్టులో పడుతుంది. మామూలు పెన్‌డ్రైవ్‌గా వాడుకోవచ్చు గానీ అన్‌రెయిడ్ లైసెన్సుకి ఇక పనికిరాదు. మొదటిసారి మార్పు నీ అంతట నువ్వే ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆ తర్వాత పన్నెండు నెలలకి ఒకసారే. ఈలోపల మళ్ళీ పోతే వాళ్ళ సపోర్టుకి రాసి ఎదురుచూడాలి. కాబట్టి రిప్లేస్ కీ బటన్ అన్నిటికన్నా చివర.

సరే, నీది నిజంగానే పోయిందనుకుందాం. ఏది కొనాలి?

ముందు ఏది వాడకూడదో చెప్తాను. నీ స్టూడియోలో ఒక సొరుగు నిండా పెన్‌డ్రైవులు ఉంటాయని నాకు తెలుసు. స్టూడియో పేరు అచ్చేయించి, పెళ్ళి వీడియో వేసి ఇచ్చేవి. వందల లెక్కన తెప్పించుకునేవి. అందులోంచి ఒకటి తీసి పెట్టేద్దామని చెయ్యి సాగుతుంది. వద్దు. అన్‌రెయిడ్ ఒక్కో పెన్‌డ్రైవ్‌ని దాని జీయూఐడీతో గుర్తుపడుతుంది. తయారీదారు నంబరు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు, మూడూ కలిపిన గుర్తు అది. లైసెన్సు దానికే ముడిపడుతుంది. బల్కులో వచ్చే చవక పెన్‌డ్రైవులు చాలావాటిలో సీరియల్ నంబరు అన్నిటికీ ఒకటే ఉంటుంది, లేదా అసలే ఉండదు. అట్టాంటిదాన్ని లైసెన్సుకి ఒప్పుకోదు. ఎస్‌డీ కార్డు పెట్టే కార్డు రీడర్లు చాలావాటిదీ ఇదే సంగతి, ఒక మోడల్ మొత్తానికి ఒకటే గుర్తు.

పెద్ద బ్రాండు పేరు చూసి కొన్నా నిశ్చింత లేదు, ఎక్కువ అమ్ముడుపోయే బ్రాండ్లకే నకిలీలూ ఎక్కువ. ట్రంకు రోడ్డు షాపుల్లో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా, ఇంటికి తెచ్చాక రెండు పరీక్షలు పెట్టు. మొదటిది సీరియల్ నంబరు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైస్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో డివైస్ ఇన్‌స్టెన్స్ పాత్ చూడు. చివరి గీత తర్వాత వచ్చే ముక్కలో రెండో అక్షరం ఆంపర్‌శాండ్ గుర్తు అయితే ఆ పెన్‌డ్రైవ్‌కి సొంత సీరియల్ లేదనీ, విండోసే ఏదో పేరు తగిలించిందనీ అర్థం. దాన్ని వెనక్కి ఇచ్చెయ్. గుర్తు లేకుండా పొడుగ్గా నంబరు ఉన్నా, అన్నీ సున్నాలో, ఒకటి రెండు మూడు నాలుగు అని వరసగానో ఉంటే అదీ అనుమానమే. రెండోది సామర్థ్యం. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్ నిండా రాసి, రాసింది రాసినట్టు ఉందా అని చదివి చూస్తుంది. లైనక్స్ వాళ్ళకి అదే పని చేసే ఎఫ్3 ఉంది. పదహారు జీబీ అని చెప్పి లోపల నాలుగే ఉన్న సరుకు ఇందులో బయటపడుతుంది. కాసేపు పడుతుంది, టీ తాగి రా.

సైజు ఎనిమిది, పదహారు, ముప్పై రెండు జీబీ, ఏదైనా ఒకటే. ముప్పై రెండు దాటకు, విండోస్‌లో మామూలుగా తెరుచుకునే ఫార్మాట్ విండో ఆపైన ఫ్యాట్32 ఇవ్వదు. స్పీడు చూడొద్దు. లేచేటప్పుడు ఒకసారి చదువుతుంది, ఆపైన అప్పుడప్పుడూ చిన్న చిన్న ఫైళ్ళు రాస్తుంది, అంతే. అందుకే నా ఓటు ఇప్పటికీ పాత యూఎస్‌బీ రెండు రకానికే, అదీ కాస్త పెద్ద ఒళ్ళున్న ప్లాస్టిక్ పెన్‌డ్రైవ్‌కి. చిటికెన వేలి గోరంత ఉండే లోహపు పెన్‌డ్రైవులు చూడముచ్చటగా ఉంటాయి గానీ వేడిని ఎటూ వదల్లేవు. రోహిణి కార్తెలో తలుపులు వేసిన గదిలో డబ్బా వెనక ఉన్నదాన్ని ఒకసారి ముట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది. ఇవి దొరకడం కష్టమవుతోంది నిజమే. దొరికితే ఒకేసారి రెండు కొని, రెండోదాన్ని కూడా పరీక్షించి బీరువాలో పెట్టుకో.

ఎక్కించడం పెద్ద పని కాదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, వాల్యూమ్ లేబుల్ దగ్గర అన్‌రెయిడ్ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో (UNRAID) పెట్టు. ఈ లేబుల్ తప్పితే లేచేటప్పుడు తన పెన్‌డ్రైవ్ ఏదో తనకే తెలియక నిలబడిపోతుంది. బ్యాకప్ జిప్ మొత్తం దానిలోకి విప్పు, జిప్ ఉన్న ఫోల్డరుతో కలిపి కాదు, లోపలి ఫైళ్ళు నేరుగా పెన్‌డ్రైవ్ మొదట్లో ఉండాలి. మేక్ బూటబుల్ అనే బ్యాచ్ ఫైలు ఉంటుంది, దాన్ని రైట్ క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు. నీ మదర్‌బోర్డు యూఈఎఫ్ఐలో (పాత బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) లేచేదైతే ఈఎఫ్ఐ ఫోల్డరు పేరు చివర చిన్న గీత ఉందేమో చూడు, ఉంటే తీసెయ్యి. ఆ గీత ఉన్నంతవరకు యూఈఎఫ్ఐకి అది కనబడదు. సర్వరుకి పెట్టాక బయాస్‌లోకి వెళ్ళి బూట్ వరసలో కొత్త పెన్‌డ్రైవ్‌ని మొదట పెట్టు. పాత పేరే అక్కడ ఉండిపోయి, కొత్తది బాగాలేదనుకుని షాపువాడితో పోట్లాడినవాళ్ళున్నారు. ఇదే ఊపులో వెర్షన్ అప్‌గ్రేడ్ కూడా చేసేద్దామనుకోకు. ఏది తేడా కొట్టినా ఏ మార్పు వల్ల కొట్టిందో తెలియాలి కదా.

సర్వరుకి పెట్టేముందు, కొత్త పెన్‌డ్రైవ్ ఇంకా ల్యాప్‌టాప్‌లో ఉండగానే ఒక చిన్న మార్పు చెయ్యమంటాను. కాన్ఫిగ్ ఫోల్డరులో డిస్క్ సీఎఫ్‌జీ అనే ఫైలుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే స్టార్ట్ ఎర్రే అన్న లైను కనిపిస్తుంది, దాని ఎదురుగా యెస్ ఉంటే నో చెయ్యి. లేచిన వెంటనే దానంతటది డిస్కులు కలిపేసుకోకుండా నీ కోసం ఆగుతుంది. నీ కీ ఇంకా కొత్త పెన్‌డ్రైవ్‌ది కాదు కాబట్టి ఎట్టాగూ ఎర్రే మొదలవ్వదు. అయినా కీ మారిన వెంటనే కూడా తొందరపడకూడదని ఈ అడ్డు.

లేచాక టూల్స్‌లో రిజిస్ట్రేషన్ పేజీకి వెళ్ళు. కీ ఈ పెన్‌డ్రైవుకి చెందదని చెప్తుంది, అది మామూలే. అక్కడ కనిపించే ఫ్లాష్ జీయూఐడీ ఒకసారి చూసుకుని, అంతా బాగుందనిపిస్తేనే రిప్లేస్ కీ నొక్కు. నీ మెయిల్‌తో అకౌంటులోకి వెళ్ళి ఒప్పుకుంటే కొత్త కీ వస్తుంది. దీనికి నెట్ కావాలి. నీ రౌటరు, సర్వరు రెండూ ఒకే యూపీఎస్ మీద ఉంటే మంచిది. కాన్ఫిగ్ ఫోల్డరులో రెండు కీ ఫైళ్ళు ఉండిపోతే తికమక పడుతుంది, పాతది తీసెయ్యి. నీ లైసెన్సు పాత బేసిక్, ప్లస్, ప్రో రకమైనా, 2024 మార్చిలో వచ్చిన స్టార్టర్, అన్లీష్డ్, లైఫ్‌టైమ్ రకమైనా ఈ వరస ఒకటే.

ఇక ఎర్రే స్టార్ట్ చేసే ముందు. ఫోన్‌లో తీసిన ఫోటో పక్కన పెట్టుకుని, మెయిన్ పేజీలో ఒక్కో సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు సరిపోల్చు. పైకి చదువుతూ చూడు, పక్కన ఇంకొకళ్ళు ఉంటే వాళ్ళని ఫోటోలోవి చదవమను. ముఖ్యంగా పారిటీ వరస. అక్కడ తప్పు డిస్కు ఉండి, స్టార్ట్ నొక్కితే, ఆ డిస్కు మీద మొదటి నుంచి పారిటీ రాసుకుంటూ పోతుంది. ఆ డిస్కులో ఉన్న పెళ్ళిళ్ళన్నీ పోతాయి. స్టార్ట్ బటన్ పక్కన ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుందని హెచ్చరిక కనిపిస్తే చెయ్యి తీసెయ్యి. బ్యాకప్‌లోంచి సూపర్ డాట్ సరిగ్గా వచ్చి ఉంటే ఆ హెచ్చరిక రాకూడదు.

నువ్వు ఈ రోజు తీసిన బ్యాకప్‌తో చేస్తున్నావు కాబట్టి నీకు ఇబ్బంది లేదు. పాత బ్యాకప్ వాడేవాళ్ళు మాత్రం ఇది రెండుసార్లు చదవండి. బ్యాకప్ తీశాక డిస్కులు మార్చారా? ముఖ్యంగా, అప్పట్లో పారిటీగా ఉన్న డిస్కుని తర్వాత పెద్దది కొన్నప్పుడు డేటాకి మార్చుకున్నారా? చాలామంది అట్టాగే చేస్తారు. పాత సూపర్ డాట్‌కి ఆ డిస్కు ఇంకా పారిటీయే. ఎర్రే మొదలవ్వగానే దాని మీద రాసేస్తుంది. అట్టాంటి అనుమానం ఉంటే సూపర్ డాట్ ఫైలుని తీసేసి, డిస్కులు చేత్తో పెట్టుకోవడమే మేలు.

బ్యాకప్పే లేదు, ఫోటో లేదు, సర్వరు ఆఫ్ అయిపోయిందనే వాళ్ళు కూడా ఇక్కడ ఉంటారు. కొత్త పెన్‌డ్రైవ్ మీద ఖాళీ అన్‌రెయిడ్‌తో లేస్తే డిస్కులన్నీ ఏ స్థానం లేకుండా కనిపిస్తాయి. పారిటీ ఏదో తేల్చాలి. పారిటీ డిస్కు ఏ డేటా డిస్కు కన్నా చిన్నది కాకూడదన్నది నియమం, కాబట్టి ఒక్కటే పెద్దది ఉంటే అదే. అన్నీ ఒకే సైజైతే, ఫైల్ సిస్టమ్ లేనిది పారిటీ అని చాలాచోట్ల రాసి ఉంటుంది. అది సగం నిజం. పారిటీ అంటే మిగతా డిస్కుల్లో ఒకే చోట ఉన్న బిట్లన్నిటి ఎక్స్ఆర్ లెక్క (రెండు బిట్లు ఒకేలా ఉంటే సున్నా, వేరైతే ఒకటి). ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ తన గుర్తుని మొదట్లోనే నాలుగక్షరాల్లో రాసుకుంటుంది. ఒకే అక్షరాన్ని రెండుసార్లో నాలుగుసార్లో ఎక్స్ఆర్ చేస్తే సున్నా వస్తుంది, మూడుసార్లు చేస్తే మళ్ళీ అదే అక్షరం వస్తుంది. అంటే మన కావలి తమ్ముడికి ఉన్నట్టు మూడు డేటా డిస్కులూ ఎక్స్ఎఫ్ఎస్ అయితే, పారిటీ డిస్కు కూడా నేనూ ఎక్స్ఎఫ్ఎస్సే అని బోర్డు పెట్టుకుని కూర్చుంటుంది. మౌంట్ చెయ్యబోతే, అంటే లోపలి ఫైళ్ళు తెరవబోతే మాత్రం అవ్వదు. డేటా డిస్కు ఒక్కటే ఉన్నవాళ్ళకైతే పారిటీ అచ్చంగా దాని నకలే.

అందుకని తేల్చే పద్ధతి ఇదీ. పారిటీ స్థానం ఖాళీగా వదిలేసి, డిస్కులన్నీ డేటా స్థానాల్లో పెట్టి ఎర్రే స్టార్ట్ చెయ్యాలి. మౌంట్ కానిదని చూపించేది పారిటీ డిస్కు. పక్కనే ఫార్మాట్ చెయ్యమంటావా అని టిక్ పెట్టే గడి కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. ఎర్రే ఆపి, టూల్స్‌లో న్యూ కాన్ఫిగ్ చేసి, ఈసారి పారిటీని దాని స్థానంలో పెట్టి, పారిటీ సరిగ్గానే ఉందని చెప్పే గడిలో టిక్ పెట్టి స్టార్ట్ చెయ్యాలి. మధ్యలో డేటా డిస్కులు మౌంట్ అయినప్పుడు వాటి మీద కొద్దిగా రాత పడి ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత దిద్దుబాటుతో సహా పారిటీ చెక్ ఒకటి నడపాలి. రెండు పారిటీలు ఉన్నవాళ్ళకి డేటా డిస్కుల వరస కూడా లెక్కే, రెండో పారిటీ లెక్కలో స్థానం నంబరు కలుస్తుంది. ఒక్క పారిటీ అయితే డేటా డిస్కులు అటూ ఇటూ అయినా పారిటీకి తేడా లేదు.

తమ్ముడూ, నీ ఎర్రే మొదలవ్వగానే శుభ్రంగా ఆఫ్ అవ్వలేదని పారిటీ చెక్ దానంతటది మొదలెట్టొచ్చు. భయపడకు. ఎర్రే నడుస్తుండగా తీసిన బ్యాకప్ కదా, అందులో ఎర్రే నడుస్తున్నట్టే రాసి ఉంది, అది చూసి అనుమానపడుతుంది. నీ డిస్కుల సైజుని బట్టి రాత్రంతా పట్టొచ్చు, నడవనీ. తప్పులు సున్నా అని వస్తే సంతోషం.

ఆ తర్వాత చెయ్యాల్సినవి కొన్ని. సిస్లాగ్ సెట్టింగుల్లో లాగ్‌ని ఫ్లాష్‌కి కూడా రాయమనే ఎంపిక ఆన్‌లో ఉందేమో చూడు. ఎప్పుడో ఏదో సమస్య వెతకడానికి ఆన్ చేసి మర్చిపోతుంటారు. అది రాత్రీ పగలూ పెన్‌డ్రైవ్ మీద గీకుతూనే ఉంటుంది. అన్‌రెయిడ్ కనెక్ట్ అనే వాళ్ళ ఆన్‌లైన్ సేవలో ఫ్లాష్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే దానంతటదే జరుగుతుంది. నెట్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే డిస్కు మార్చిన ప్రతిసారీ చేత్తో జిప్ తీసుకుని ల్యాప్‌టాప్‌లో పెట్టుకో. సర్వరులోనే పెట్టుకుంటే అవసరమైన రోజున అందదు. ఆ పెన్‌డ్రైవ్ ముందు వైపు పోర్టులో పెట్టకు. స్టూడియోలో కుర్రాళ్ళు ఖాళీ పెన్‌డ్రైవ్ అనుకుని పాటలు ఎక్కించుకోడానికి పీకుతారు. మదర్‌బోర్డు మీద తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ రెండు హెడరు ఉంటుంది, దానికి తగిలించే చిన్న అడాప్టరు దొరుకుతుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ డబ్బా లోపలే ఉంటుంది, ఎవరి కంటా పడదు. డిస్కుల ట్రేల మీద సీరియల్ చివరి నాలుగు అక్షరాలు స్టిక్కరు మీద రాసి అతికించు, పారిటీ దాని మీద వేరే రంగు పెట్టు.

కింద కామెంట్లలో ఇంకొకాయన ఈ పెన్‌డ్రైవ్ బాధ ఎందుకు, ఓపెన్‌మీడియావాల్టో ట్రూనాసో (ఇట్టాంటి పనికే ఉన్న ఉచిత సిస్టములు) వేసుకోమన్నారు. అవి మంచివే, లైసెన్సు గొడవ లేదు. కానీ వాటికి పెన్‌డ్రైవ్ అసలే సరిపడదు. ఓపెన్‌మీడియావాల్ట్ మామూలు డెబియన్ లాగా బూట్ డ్రైవ్ మీద ఎడతెగకుండా రాస్తుంది, పెన్‌డ్రైవ్ మీద వేసేవాళ్ళు ఫ్లాష్‌మెమరీ ప్లగిన్ తప్పకుండా పెట్టుకోవాలి. ట్రూనాస్‌కి చిన్న ఎస్ఎస్‌డీ ఇవ్వడమే పద్ధతి, కాన్ఫిగ్ దింపుకునేటప్పుడు సీక్రెట్ సీడ్ గడిలో టిక్ పెట్టడం మర్చిపోతే దాచిన పాస్‌వర్డులు తిరిగి రావు. పైగా డిస్కులన్నీ ఖాళీ చేసి మళ్ళీ నింపాలి. సైజులు కలవని పాత డిస్కులతో నడుపుతూ, ఒక డిస్కు బయటికి తీసి ఏ లైనక్స్ మెషిన్‌కి పెట్టినా అందులో ఫైళ్ళు చదువుకునే వీలు కావాలనుకునేవాళ్ళకి అన్‌రెయిడ్ వదలాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఒక్క పెన్‌డ్రైవ్ పోయినందుకు ఇల్లు మారనక్కర్లేదు.

నువ్వు చివర్లో డబ్బా నెల్లూరు తీసుకురమ్మంటావా అని అడిగావు. వద్దు, తిరుగుతున్న డిస్కుల్ని ఆపి హైవే మీద బస్సులో తేవడమే ఇందులో పెద్ద ప్రమాదం. మెయిన్ పేజీ ఫోటో, సిస్టమ్ లాగ్‌లో ఫ్లాష్ గురించి వచ్చిన లైన్లు ఇక్కడ పెట్టు. ఫోటోలో ఫ్లాష్ జీయూఐడీ పడితే చెరిపి పెట్టు. ఆ లైన్లు చూస్తే పాతది బతికేదో కొత్తది కొనాలో చెప్తాను, అప్పటిదాకా స్విచ్చి జోలికి పోకు.